‘వార్నింగే కదా సార్!’: సీ భాషలో పాయింటర్ల మార్పిడి, ప్రమాణం మాట, కంపైలర్ మాట

(ఒక ఇంజినీరింగ్ కళాశాల కంప్యూటర్ సైన్స్ విభాగంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

వేదిక మీది పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

తెలుగు రాష్ట్రాల్లో సీ భాష నేర్చుకున్నవాళ్ళలో ఒక తరానికి తరమే టర్బో సీ అనే పాత కంపైలర్ (ప్రోగ్రామును యంత్రభాషలోకి తర్జుమా చేసేది) నీలిరంగు తెర ముందు కూర్చుని నేర్చుకుంది. నేనూ ఆ తరం వాణ్ణే. ఇంట్ (పూర్ణాంకం) రకం వేరియబుల్ చిరునామాను తీసుకెళ్ళి చార్ స్టార్‌లో, అంటే అక్షరం చిరునామాను ఉంచుకునే పాయింటర్‌లో, పెడితే కింది కిటికీలో ‘సస్పీషియస్ పాయింటర్ కన్వర్షన్’ అని ఒక వరుస కనబడేది. పూర్ణాంకాన్నే నేరుగా పాయింటర్‌లో పెడితే ‘నాన్‌పోర్టబుల్ పాయింటర్ కన్వర్షన్’ అనేది. మేము దాన్ని చదివిన పాపాన పోకుండా కంట్రోల్ ఎఫ్9 నొక్కేవాళ్ళం, ప్రోగ్రాం నడిచేది, జవాబు వచ్చేది. ఎవరైనా అడిగితే ‘వార్నింగే కదా సార్, ఎర్రర్ కాదుగా’ అనేవాళ్ళం, రికార్డు పుస్తకంలో సంతకం పడిపోయేది. అయితే అదే ఫైలు పేరు చివర ‘సీ’ తీసేసి ‘సీపీపీ’ అని పెట్టి, అంటే సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాంగా, మళ్ళీ కంపైల్ చేస్తే, ఇంతకుముందు అనుమానంతో సరిపెట్టుకున్న అదే వరుస దగ్గర కంపైలర్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది. యంత్రం మారలేదు, వాక్యం మారలేదు, మారినదల్లా ఫైలు పేరు. అలాంటప్పుడు ఆ వాక్యం తప్పా, ఒప్పా? ఈ ప్రశ్నకు సరైన జవాబు నాకు దొరకడానికి ఉద్యోగంలో చేరి చాలా ఏళ్ళు పట్టింది. ఈ రోజు మాట్లాడబోయేది దాని గురించే.

సీ భాషకు తొలి అధికారిక ప్రమాణాన్ని అమెరికాలో 1989లో ఆమోదించారు. మరుసటి ఏడాది అదే అంతర్జాతీయ ఐఎస్ఓ ప్రమాణమైంది. ఆ తర్వాత 1999, 2011, 2018, 2024 సంవత్సరాల్లో కొత్త ప్రతులు వెలువడ్డాయి. చివరిది అచ్చయింది 2024లోనే అయినా అందరూ సీ23 అనే పిలుస్తారు. ఈ ప్రతుల్లో దేన్ని తెరిచి చూసినా ‘ఇది వార్నింగ్, ఇది ఎర్రర్’ అనే విభజన నియమాల్లో ఎక్కడా కనబడదు. కంపైలర్లు సాధారణంగా ఇచ్చే వార్నింగుల జాబితా ఒకటి అనుబంధంగా ఉన్నమాట నిజమే గానీ అది సమాచారం కోసం చేర్చినది, నియమం కాదు. నియమాల్లో ఉన్న మాట ‘డయాగ్నోస్టిక్ మెసేజ్’, అంటే తప్పును గుర్తించి చెప్పే సందేశం. అది ఎర్రగా ఉండాలా, పసుపుగా ఉండాలా, దాని తర్వాత కంపైలర్ ఆగాలా, ముందుకు సాగాలా అన్న విషయంలో ప్రమాణం కంపైలర్ రాసేవాళ్ళకే స్వేచ్ఛ ఇచ్చింది.

ప్రమాణంలోని నియమాలన్నీ ఒకే జాతివి కావు. ప్రతి అంశం కింద ‘కన్‌స్ట్రెయింట్స్’ అనే శీర్షికతో కొన్ని నిబంధనలు విడిగా ఉంటాయి. వ్యాకరణాన్ని గానీ ఈ నిబంధనలను గానీ ప్రోగ్రాం ఉల్లంఘిస్తే కంపైలర్ కనీసం ఒక్క సందేశమైనా ఇచ్చి తీరాలి. ఆ శీర్షిక బయట ఉన్న నియమాన్ని ఉల్లంఘిస్తే పరిస్థితి పూర్తిగా వేరు. అప్పుడు ప్రోగ్రాం ప్రవర్తనకు నిర్వచనమే ఉండదు, మనం రోజూ వాడే మాటలో అది అన్‌డిఫైన్డ్ బిహేవియర్, దాని గురించి నోరు విప్పవలసిన బాధ్యత కంపైలర్‌కు లేదు. సందేశం ఇవ్వవలసిన మొదటి సందర్భంలో కూడా, ఇచ్చేసిన తర్వాత కంపైలర్ ఆ ప్రోగ్రామును తర్జుమా చేసి నడిచే ఫైలు తయారుచేసి మన చేతిలో పెట్టవచ్చు. ప్రమాణం అడ్డు చెప్పదు. తర్జుమా చెయ్యనే కూడదని ప్రమాణం ఖరాఖండిగా చెప్పిన సందర్భం ఒక్కటే: ప్రోగ్రాం రాసినవాడు తానే హాష్ ఎర్రర్ అనే ఆదేశం రాసుకుని, అది కంపైలర్ తొలి దశ అయిన ప్రీప్రాసెసర్ కంటబడినప్పుడు.

దీన్నిబట్టి తేలేదేమిటంటే, ‘వార్నింగ్ ఇచ్చి కంపైల్ చేసింది కాబట్టి భాష దీన్ని అనుమతిస్తుంది’ అన్న మా విద్యార్థి తర్కానికి ఆధారం లేదు. ఆ వార్నింగే ప్రమాణం కోరిన సందేశం కావచ్చు, అప్పుడు అది ఉల్లంఘనకు రుజువు. అదే సమయంలో, పూర్తిగా సక్రమమైన ప్రోగ్రాం మీద కూడా కంపైలర్ తన అనుభవాన్నిబట్టి ఒక సలహాగా వార్నింగ్ ఇవ్వవచ్చు. రెండూ తెర మీద ఒకే రంగులో, ఒకే తీరులో కనబడతాయి. ఏది ప్రమాణం కోసం ఇచ్చినదో, ఏది సలహాగా ఇచ్చినదో సందేశాన్ని చూసి పోల్చుకోలేము. నియమం తెలిసినవాడే పోల్చుకోగలడు.

సరే, పాయింటర్ల విషయంలో ఆ నియమమేమిటి? ఒక పాయింటర్‌ను మరో పాయింటర్‌లోకి క్యాస్ట్ లేకుండా, అంటే ‘ఈ రకంగా మార్చు’ అని మనం విడిగా రాయకుండా, పంపడానికి ప్రమాణం తెరిచిన దారులు కొద్దిపాటివే. రెండూ పొసగే రకాలను చూపిస్తున్నవైతే, ఎడమవైపు దానికి కుడివైపు దానికున్న కాన్‌స్ట్ (మార్చకూడదు) వంటి విశేషణాలన్నీ ఉంటే, పంపవచ్చు. ఒకవైపు వాయిడ్ స్టార్ (ఏ రకాన్ని చూపిస్తుందో చెప్పని పాయింటర్), మరోవైపు ఏ డేటా పాయింటర్ అయినా ఉంటే పంపవచ్చు, అక్కడా విశేషణాలు పోకూడదు. కుడివైపు నల్ పాయింటర్ స్థిరాంకం ఉంటే, అంటే విలువ సున్నా అయిన పూర్ణ స్థిరాంకం లేదా దాన్నే వాయిడ్ స్టార్‌గా మార్చినది ఉంటే, ఏ పాయింటర్‌లోకైనా పంపవచ్చు. పాయింటర్‌ను బూల్‌లో పెట్టవచ్చు. ప్రోటోటైప్, అంటే ఆర్గ్యుమెంట్ల రకాలు చెప్పే ప్రకటన, ఉన్న ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్లు పంపినప్పుడూ, ఫంక్షన్ నుంచి విలువ తిరిగి ఇచ్చినప్పుడూ, వేరియబుల్‌కు తొలి విలువ పెట్టినప్పుడూ ఇవే నియమాలు వర్తిస్తాయి. వీటిలో ఇమడని మార్పిడి ఏదైనా సరే క్యాస్ట్ రాసి చెయ్యాలన్నది కూడా నిబంధనల శీర్షిక కిందే ఉంది. కాబట్టి టర్బో సీ ‘అనుమానాస్పదం’ అని మర్యాదగా చెప్పింది నిజానికి అనుమానం కాదు, స్పష్టమైన నిబంధన ఉల్లంఘన.

మరి అంత స్పష్టమైన ఉల్లంఘనను కంపైలర్లు ఇన్నాళ్ళూ ఎందుకు చూసీచూడనట్టు వదిలేశాయి? దానికి కారణం భాష పుట్టుకలో ఉంది. సీకి ముందున్న బీసీపీఎల్, బీ భాషల్లో రకాలే లేవు. యంత్రంలోని ఒక పదం (వర్డ్) అంకె కావచ్చు, చిరునామా కావచ్చు, వాడేవాడి ఇష్టం. డెన్నిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో సీని మలుస్తూ రకాలు తెచ్చినా తొలినాటి కంపైలర్లు ఆ పాత చనువును వదల్లేదు. 1978లో కెర్నిగన్, రిచీ ప్రచురించిన పుస్తకంలోని భాషా వివరణలోనే, అప్పటి కంపైలర్లు పాయింటర్‌ను పూర్ణాంకంలోకి, పూర్ణాంకాన్ని పాయింటర్‌లోకి, ఒక రకం పాయింటర్‌ను మరో రకం దానిలోకి ఉన్నదున్నట్టు నకలు చేస్తాయని ఒప్పుకున్నారు. అలాంటి చోట్లను వెతికి పట్టుకోవడానికే స్టీవ్ జాన్సన్ అక్కడే లింట్ అనే వేరే పనిముట్టు తయారుచేశాడు. అంటే కంపైలర్ పని తర్జుమా, తప్పులు పట్టడం లింట్ పని అని పనులు పంచుకున్నారు. 1989 ప్రమాణం ఆ పంపకాన్ని రద్దుచేసి, చెప్పవలసిన బాధ్యతను కంపైలర్ మీద పెట్టింది. కంపైలర్లు ఆ బాధ్యతను నెరవేర్చాయి గానీ, అప్పటికే లోకంలో ఉన్న కోడంతా ఒక్క రోజులో ఆగిపోకుండా ఉండాలని వార్నింగ్‌తో సరిపెట్టాయి. ఆ సరిపెట్టుకోవడం దాదాపు 35 ఏళ్ళు సాగింది.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఒకప్పుడు నేను పనిచేసిన సంస్థలో 32 బిట్ల యంత్రాల మీద ఏళ్ళ తరబడి నడిచిన సాఫ్ట్‌వేరును 64 బిట్ల లినక్స్‌కు మార్చే పని మా జట్టు మీద పడింది. మార్చాము, పరీక్షలన్నీ పాసయ్యాయి. వాడుకలోకి వెళ్ళాక, చిన్న ఫైళ్ళు ఇస్తే సక్రమంగా పనిచేసే ప్రోగ్రాం పెద్ద ఫైలు ఇవ్వగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో కూలిపోయేది. చూడగా చూడగా తేలిందేమిటంటే, బఫర్ కేటాయించి దాని పాయింటర్‌ను తిరిగి ఇచ్చే మా సొంత ఫంక్షన్ ఒకటి వేరే ఫైలులో ఉంది, దాన్ని పిలిచిన ఫైలులో ఎవరూ దాని ప్రకటన ఉన్న హెడర్ చేర్చలేదు. ప్రకటన లేని ఫంక్షన్‌ను పిలిస్తే అది ఇంట్‌ను తిరిగి ఇస్తుందని అనుకోవడం 1989 నాటి నియమం. 64 బిట్ల లినక్స్‌లో పాయింటర్‌కు 64 బిట్లు ఉంటే ఇంట్‌కు 32 మాత్రమే. కాబట్టి తిరిగి వచ్చిన చిరునామాలో కింది సగం మాత్రమే మిగిలి, పై సగం ఎగిరిపోయింది.

చిన్న ఫైళ్ళతో ఎందుకు పనిచేసిందంటే, లినక్స్ సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీలో మెమరీ కేటాయించే ఫంక్షన్ మాలాక్ చిన్న కేటాయింపులను ప్రోగ్రాం పక్కనే ఉన్న హీప్ నుంచి ఇస్తుంది. ఆ రోజుల్లో మేము ప్రోగ్రాములను తక్కువ చిరునామాల దగ్గరే లోడయ్యేలా కట్టేవాళ్ళం కాబట్టి హీప్ చిరునామాలు 32 బిట్లలో ఇమిడిపోయేవి, పై సగంలో ఉన్నవి ఎలాగూ సున్నాలే కాబట్టి అది పోయినా నష్టం లేదు. కేటాయింపు పరిమాణం ఒక హద్దు దాటితే, మొదట్లో ఆ హద్దు 128 కిలోబైట్లు, మాలాక్ కెర్నెల్‌ను అడిగి ఎంమ్యాప్ ద్వారా ఎక్కడో ఎత్తైన చిరునామాల్లో చోటు తెస్తుంది. అక్కడ పై సగం సున్నా కాదు. అది తెగిపోతే మిగిలేది ఎవరిదో తెలియని చిరునామా.

నన్ను ఎక్కువగా కలచివేసింది ఆ తర్వాత తెలిసిన విషయం. ఇంట్‌ను పాయింటర్‌లో పెట్టడం నిబంధన ఉల్లంఘన కాబట్టి కంపైలర్ మొదట్లో తన ధర్మం ప్రకారం వార్నింగ్ ఇచ్చింది. కానీ అంతకు కొన్ని నెలల ముందు ‘వార్నింగులు సున్నాకు రావాలి’ అని పైనుంచి గడువు పెట్టారు. పాపం ఎవరో ఆ వరుసలో ఒక క్యాస్ట్ తగిలించారు. వార్నింగ్ పోయింది, సున్నా వచ్చింది, అందరూ సంతోషించారు. పూర్ణాంకాన్ని పాయింటర్‌గా మార్చడం క్యాస్ట్‌తో చేస్తే ఉల్లంఘన కాదు, ఫలితం ఏమిటన్నది కంపైలర్ నిర్ణయానికి వదిలిన విషయం. కాబట్టి అక్కడి నుంచి కంపైలర్ మనకు ఒక్క మాట కూడా బాకీ లేదు. క్యాస్ట్ మార్పిడిని సరిచెయ్యలేదు, సందేశం పొందే మన హక్కును వదులుకున్నట్టు రాసి ఇచ్చింది.

మన కళాశాలల్లో మాలాక్‌కు ముందు క్యాస్ట్ రాయడం ఇప్పటికీ ఒక ఆచారం. ప్రమాణానికి ముందు మాలాక్ చార్ స్టార్‌ను తిరిగి ఇచ్చేది కాబట్టి అప్పుడు క్యాస్ట్ అవసరమే. సీ ప్లస్ ప్లస్‌లో వాయిడ్ స్టార్ దానంతట అది మారదు కాబట్టి అక్కడా అవసరమే. సీలో 1989 నుంచి ఆ అవసరం లేదు. హెడర్ మరచిపోయిన సంగతిని కప్పిపుచ్చడమే ఆ రోజుల్లో అది చేసిన పని. నిజం చెప్పాలంటే మాలాక్ ఒక్కదాని విషయంలో జీసీసీ కంపైలర్ మనల్ని కొంత కాపాడింది, ఎందుకంటే ఆ పేరు దానికి ముందే తెలుసు, ప్రకటన లేకపోయినా తనకు తెలిసిన రకాన్నే వాడుకునేది. మిగతా ఫంక్షన్లకు ఆ అదృష్టం లేదు. స్ట్రింగును నకలు చేసే స్ట్రడప్ కథ ఇంకా విచిత్రం. ప్రమాణానికి కట్టుబడి ఉందామని ఒక బుద్ధిమంతుడు సీ99 మోడ్ స్విచ్ పెడితే, స్ట్రడప్ అప్పటికి ప్రమాణంలో లేని ఫంక్షన్ కాబట్టి స్ట్రింగ్ హెడర్ దాని ప్రకటనను దాచేస్తుంది, కంపైలర్ కూడా దాన్ని ఎరగనట్టు ఊరుకుంటుంది, దాంతో తిరిగి వచ్చే పాయింటర్ ఇంట్ అయిపోతుంది. నియమానికి లొంగినందుకే పాయింటర్ తెగిపోవడం నేను కళ్ళారా చూశాను. సీ23లో స్ట్రడప్‌ను ప్రమాణంలో చేర్చారు.

ఇప్పుడు కాస్త సూక్ష్మమైన మార్పిడికి వద్దాం. ఇంటర్వ్యూలకు వెళ్ళే విద్యార్థులు ఇది గుర్తుపెట్టుకోవచ్చు. చార్ స్టార్‌ను కాన్‌స్ట్ చార్ స్టార్‌లో పెట్టడం సక్రమమే అని అందరికీ తెలుసు. మరి చార్ స్టార్ స్టార్‌ను కాన్‌స్ట్ చార్ స్టార్ స్టార్‌లో పెట్టవచ్చా? పెట్టకూడదు. కంపైలర్ అనవసరంగా గొడవ చేస్తోందని చాలామంది విసుక్కుంటారు. నేనూ విసుక్కున్నాను. కారణాన్ని ప్రమాణమే ఒక చిన్న ఉదాహరణతో చూపిస్తుంది. మార్చకూడని ఒక అక్షరం ‘సి’ ఉందనుకోండి. మామూలు అక్షర పాయింటర్ ‘పి’ ఉందనుకోండి. పి చిరునామాను, కాన్‌స్ట్ అక్షరాల పాయింటర్‌ను చూపించే ‘క్యూ’ అనే రెండంతస్తుల పాయింటర్‌లో పెట్టనిచ్చారనుకుందాం. ఇప్పుడు క్యూ చూపించే చోట సి చిరునామా రాయడం తప్పేమీ కాదు, ఎందుకంటే రెండువైపులా కాన్‌స్టే. కానీ క్యూ చూపించే చోటు మరేదో కాదు, పి. అంటే కాన్‌స్ట్ అక్షరం చిరునామా గుట్టుచప్పుడు కాకుండా పి చేతిలోకి వచ్చేసింది. పి ద్వారా రాయడానికి ఏ అడ్డూ లేదు కాబట్టి తర్వాతి వరుసలో ఆ అక్షరం మారిపోతుంది. మొత్తం మీద ఒక్క క్యాస్ట్ కూడా రాయకుండానే కాన్‌స్ట్‌కు గండి పడింది. ఆ మూడు వాక్యాల్లో రెండోదీ మూడోదీ ఆపడానికి వీల్లేనంత సహజమైనవి కాబట్టి, మొదటిదాన్నే ఆపారు.

ఇంతవరకు ప్రమాణాన్ని మెచ్చుకోవచ్చు. కానీ రెండంతస్తుల్లోనూ కాన్‌స్ట్ పెట్టి, అంటే మధ్య పాయింటర్‌ను కూడా మార్చకూడదని ప్రకటించి పంపితే పై ప్రమాదమేదీ లేదు. సీ ప్లస్ ప్లస్ ఆ సంగతి గ్రహించి దానికి దారి ఇచ్చింది. సీ మాత్రం నేటికీ ఇవ్వలేదు. మెయిన్ ఫంక్షన్‌కు వచ్చే ఆర్గ్‌వీ అనే ఆర్గ్యుమెంట్ల పట్టికను, ‘నేను దేన్నీ మార్చను’ అని మాట ఇచ్చే ఫంక్షన్‌కు పంపాలన్నా క్యాస్ట్ రాయవలసిందే. నా దృష్టిలో ఇది సీ ప్రమాణంలో మిగిలిపోయిన లోపం. అక్కడ రాసే క్యాస్ట్‌ను నేను తప్పుపట్టను, పక్కన ఒక వ్యాఖ్య రాయమని మాత్రం అడుగుతాను.

ఒకే నిబంధనను ఒకే కంపైలర్ ఎన్ని రకాలుగా చూస్తుందో చెప్పడానికి జీసీసీ 14ను ఉదాహరణగా తీసుకుందాం. ఇంట్ స్టార్‌ను చార్ స్టార్‌లో పెడితే అది ఎర్రర్ ఇస్తుంది. కాన్‌స్ట్ చార్ స్టార్‌ను మామూలు చార్ స్టార్‌లో పెట్టి కాన్‌స్ట్‌ను పారేస్తే వార్నింగ్‌తో వదిలేస్తుంది. అన్‌సైన్డ్ చార్ స్టార్‌ను చార్ స్టార్‌లో పెడితే, మనం ఏ స్విచ్చూ ఇవ్వకపోతే, అసలు నోరే విప్పదు. ఈ మూడూ ప్రమాణంలో ఒకే పేరా కింద వచ్చే ఉల్లంఘనలు. మూడింటికీ సందేశం ఇచ్చి తీరాలి. మూడోదానికి కూడా సందేశం కావాలంటే డబ్ల్యూ-ఆల్ గానీ పెడాంటిక్ గానీ ఇవ్వాలి. ప్రమాణం కోరిన సందేశాలన్నీ కావాలనుకుంటే ఏదో ఒక ప్రమాణం పేరుతో మోడ్ పెట్టి, దాంతోపాటు పెడాంటిక్ పెట్టాలని జీసీసీ తన పత్రాల్లో చెబుతూనే ఉంది. పెడాంటిక్-ఎర్రర్స్ పెడితే ఆ సందేశాలు ఎర్రర్లుగా మారతాయి. డబ్ల్యూ-ఆల్ అంటే ‘అన్నీ’ అని నమ్మే అమాయకత్వం మనలో చాలామందికి ఉంది. అది అన్నీ కాదు, డబ్ల్యూ-ఎక్స్‌ట్రా కలిపినా అన్నీ కావు. లినక్స్ కెర్నెల్ లాంటి పెద్ద ప్రాజెక్టు పాయింటర్ల సైన్ తేడా మీద వచ్చే వార్నింగును ఉద్దేశపూర్వకంగా ఆపుకుని నడుస్తోంది. అది తెలిసి చేసిన నిర్ణయం. తెలియక మౌనంగా ఉండటం వేరు.

క్యాస్ట్ రాసిన తర్వాత ఏమవుతుందో చూద్దాం. నిబంధన తృప్తిపడింది, సందేశం లేదు, కానీ మార్పిడి సురక్షితమని ఎవరూ హామీ ఇవ్వలేదు. చార్ స్టార్‌ను ఇంట్ స్టార్‌గా మార్చినప్పుడు ఆ చిరునామా ఇంట్‌కు తగిన అమరికలో (అలైన్‌మెంట్) లేకపోతే, చదవడం దాకా ఎందుకు, మార్చడమే అన్‌డిఫైన్డ్ బిహేవియర్. ఇది పుస్తకాల పిచ్చి అనుకోకండి. డేటా జనరల్ ఎక్లిప్స్ ఎంవీ యంత్రాల్లో చార్ పాయింటర్ బైట్‌ను చూపించేది, ఇంట్ వంటి రకాల పాయింటర్లు పదాన్ని చూపించేవి, వాటి బిట్ల అమరికే వేరు. మార్పిడి అంటే అక్కడ నిజంగానే కొన్ని బిట్లను జరపడం. మన 8086 మీద టర్బో సీ మీడియం మోడల్‌లో డేటా పాయింటర్‌కు 16 బిట్లు, ఫంక్షన్ పాయింటర్‌కు 32 బిట్లు ఉండేవి. ఫంక్షన్ పాయింటర్‌ను వాయిడ్ స్టార్‌లో పెట్టడానికి ప్రమాణం ఎందుకు దారి ఇవ్వలేదో ఆ ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది. యూనిక్స్ వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్ మాత్రం, లైబ్రరీలోని ఫంక్షన్‌ను పేరుతో వెతికే డీఎల్‌సిమ్ తెచ్చే వాయిడ్ స్టార్‌ను ఫంక్షన్ పాయింటర్‌గా మార్చి వాడుకోగలగాలని కోరుతుంది. కాబట్టి లినక్స్‌లో పెడాంటిక్ పెట్టి డీఎల్‌సిమ్ వాడితే, ఒక ప్రమాణం తప్పనిసరి అన్నదాని మీద మరో ప్రమాణం పేరుతో వార్నింగ్ వస్తుంది. రెండు ప్రమాణాల మధ్య ఉన్న ఆ సందు గురించి కంపైలర్‌ను నిందించి లాభం లేదు.

ఫ్లోట్ చిరునామాను ఇంట్ స్టార్‌గా మార్చి బిట్లు చదివే అలవాటు ఇంకా ప్రమాదకరం. మార్పిడికి అడ్డు లేదు, అమరిక సాధారణంగా సరిపోతుంది, కానీ ఆ పాయింటర్ ద్వారా చదవడాన్ని ప్రమాణం అంగీకరించదు. ఇంట్ స్టార్ ద్వారా చేసిన రాత ఫ్లోట్‌ను మార్చదన్న నమ్మకంతో కంపైలర్ వాక్యాల వరుసను తారుమారు చెయ్యవచ్చు. జీసీసీలో ఓ2 ఆప్టిమైజేషన్ స్థాయి నుంచి ఆ నమ్మకం అమల్లో ఉంటుంది. దీని మీద వార్నింగ్ ఉంది గానీ, పాయింటర్ ఒక ఫంక్షన్‌లో మారి మరో ఫంక్షన్‌లో వాడకమైతే అది పట్టుకోలేకపోవచ్చు. మెమ్‌సీపీవైతో నాలుగు బైట్లు నకలు చేసుకోండి. కంపైలర్ దాన్ని సాధారణంగా ఒకే ఆదేశంగా కుదించేస్తుంది, వేగం పోతుందన్న భయం అక్కర్లేదు.

ఫంక్షన్ పాయింటర్ల క్యాస్టుల గురించి ఒక హెచ్చరిక. ఏమీ తిరిగి ఇవ్వని ఫంక్షన్‌ను, వాయిడ్ స్టార్ తిరిగి ఇచ్చే థ్రెడ్ ఫంక్షన్‌గా క్యాస్ట్ చేసి పీథ్రెడ్-క్రియేట్‌కు ఇవ్వడం నేను లెక్కలేనన్ని చోట్ల చూశాను. ఎక్స్86 మీద అది పనిచేస్తున్నట్టే ఉంటుంది. అదే కోడును బ్రౌజర్లలో నడిచే వెబ్‌అసెంబ్లీకి మారిస్తే, అక్కడ పాయింటర్ ద్వారా పిలిచే ప్రతిసారీ ఫంక్షన్ సంతకాన్ని సరిచూస్తారు కాబట్టి ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది. లినక్స్ 6.1లో వచ్చిన కేసీఎఫ్ఐ రక్షణను పెట్టుకున్న కెర్నెల్‌లో కూడా రకం సరిపోని పిలుపు పట్టుబడుతుంది. అలాగే పాయింటర్లకు హార్డ్‌వేర్‌లోనే రక్షణ ఇచ్చే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారి చెరీ పరిశోధన నుంచి పుట్టిన ఆర్మ్ మొరెల్లో బోర్డు మీద పాయింటర్ 128 బిట్లు, దానికి తోడు కంటికి కనబడని చెల్లుబాటు గుర్తు ఒకటి. దాన్ని లాంగ్‌లో దాచి తిరిగి తీస్తే గుర్తు పోయి పాయింటర్ చెల్లదు. సీ99 తెచ్చిన యూఇంట్‌పీటీఆర్-టీ రకంలో దాస్తే చెల్లుతుంది. విండోస్‌లో 64 బిట్ల మీద కూడా లాంగ్ 32 బిట్లే కాబట్టి, చెరీ దాకా వెళ్ళకుండానే ఆ పాఠం నేర్చుకోవచ్చు.

2024 మే నెలలో వెలువడిన జీసీసీ 14తో చాలాకాలపు చనువు ముగిసింది. ప్రకటన లేని ఫంక్షన్, ఇంట్‌కూ పాయింటర్‌కూ మధ్య క్యాస్ట్ లేని మార్పిడి, పొసగని పాయింటర్ల మధ్య మార్పిడి, మరికొన్ని, ఎవరూ అడగకుండానే ఎర్రర్లయ్యాయి. క్లాంగ్ అనే మరో కంపైలర్ అంతకు ఒకటి రెండేళ్ళ ముందే 15, 16 సంచికల్లో కొన్నిటిని ఎర్రర్లు చేసింది. పాత ప్రవర్తన కావాలంటే ఎఫ్-పర్మిసివ్ అనే స్విచ్ ఉంది. ప్రకటన లేని ఫంక్షన్‌ను భాష నుంచి 1999లోనే తీసేశారని గుర్తుచేసుకుంటే, అమలుకు పాతికేళ్ళు ఎందుకు పట్టిందని అడగాలనిపిస్తుంది. జవాబు కాన్ఫిగర్ స్క్రిప్టుల్లో ఉంది. యూనిక్స్ సాఫ్ట్‌వేరులో చాలాభాగం, కట్టేముందు చిన్న చిన్న పరీక్ష ప్రోగ్రాములు కంపైల్ చేసి, అవి కంపైలైతే ఈ సౌకర్యం ఉంది, కాకపోతే లేదు అని నిర్ణయించుకుంటుంది. ఆ పరీక్ష ప్రోగ్రాంలోనే హెడర్ మరచిపోయి ఉంటే? ఇన్నాళ్ళూ వార్నింగ్‌తో గట్టెక్కి ‘ఉంది’ అనేది. ఇప్పుడు ఎర్రర్ వచ్చి ‘లేదు’ అంటుంది. కట్టడం మాత్రం ఆగదు. ఒక సౌకర్యం తగ్గిన ప్రోగ్రాం నిశ్శబ్దంగా తయారవుతుంది. ఎర్రర్ అంటే కనీసం గట్టిగా వినబడుతుందనుకుంటాం, ఇక్కడ ఎర్రరే మౌనంగా మింగుడుపడిపోయింది. ఫెడోరా లినక్స్ వాళ్ళు తమ ప్యాకేజీలన్నిటిలో ఇలాంటి చోట్లను ముందుగా వెతికి, సవరణలను మూల ప్రాజెక్టులకు పంపిన తర్వాతే ఈ మార్పుకు దారి సుగమమైంది. ఆ పని కంపైలర్‌లో నాలుగు వరుసలు మార్చడం కన్నా ఎన్నో రెట్లు పెద్దది, దానికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం.

2025లో వచ్చిన జీసీసీ 15 మరో అడుగు వేసి, ఏ మోడ్ అడగకపోతే సీ23నే వాడుతుంది. సీ23లో ఖాళీ కుండలీకరణాలున్న ఫంక్షన్ ప్రకటనకు అర్థం ‘ఆర్గ్యుమెంట్ల సంగతి చెప్పలేదు’ అని కాదు, ‘ఆర్గ్యుమెంట్లే లేవు’ అని. నిన్నటిదాకా ఏ ఫంక్షన్ పాయింటర్‌తోనైనా పొసిగిన పాత ప్రకటనలు ఈ రోజు పొసగని పాయింటర్ల ఎర్రర్ ఇవ్వడానికి కారణం అదే. మీ సీనియర్ల ప్రాజెక్టు కోడు కొత్త ఉబుంటులో కంపైల్ కాకపోతే ముందు అక్కడ వెతకండి.

ప్రసంగానికి ముందు ఒక అధ్యాపకురాలు నన్ను ఒక ప్రశ్న అడిగారు: ‘క్యాస్ట్ రాయకూడదంటున్నారు సరే, మరి తప్పకుండా రాయవలసి ఉండీ కంపైలర్ అడగని చోటు ఉందా?’ ఉందండీ. ప్రింట్‌ఎఫ్ లాగా మూడు చుక్కలతో ఎన్ని ఆర్గ్యుమెంట్లనైనా తీసుకునే ఫంక్షన్లలో, ఆ చుక్కల స్థానంలో పంపేవాటికి ఇందాకటి మార్పిడి నియమాలు వర్తించవు, ఎందుకంటే అవతలివైపు ఏ రకం ఎదురుచూస్తోందో ప్రోటోటైప్ చెప్పదు. పర్సెంట్ పీతో చిరునామా ముద్రించాలంటే దాన్ని వాయిడ్ స్టార్‌గా క్యాస్ట్ చెయ్యాలి. మరో ప్రోగ్రామును నడిపే ఎగ్జెక్-ఎల్ ఆర్గ్యుమెంట్ల చివర వట్టి నల్ రాస్తే, ఆ నల్‌ను ఉత్త సున్నాగా నిర్వచించిన చోట 32 బిట్ల ఇంట్ వెళుతుంది, అవతలివైపు 64 బిట్ల పాయింటర్‌ను చదువుకుంటారు. అక్కడ సున్నాను చార్ స్టార్‌గా క్యాస్ట్ చేసి పంపాలని పాత యూనిక్స్ వాళ్ళు పట్టుబట్టింది అందుకే. సీ23లో వచ్చిన నల్‌పీటీఆర్‌కు తనదైన రకం ఉంది, దాని పరిమాణమూ అమరికా చార్ పాయింటర్‌వే, కాబట్టి ఎగ్జెక్-ఎల్ చివర దాన్ని క్యాస్ట్ లేకుండానే రాయవచ్చు.